జెమీమా ముసుగు

విమలకుమారి లంచ్ డబ్బా మూత బిగించి మెట్ల వైపు చూసింది. పైన బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగి చాలాసేపైంది. జెమీమా ఇంకా దిగలేదంటే అద్దం ముందు నిలబడి ముసుగు సరిచేసుకుంటోందన్నమాట. డైనింగ్ టేబుల్ దగ్గర వినయ్ కుమార్ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు గానీ అతని చూపు కూడా మెట్ల మీదే ఉంది.

వేసవి సెలవులు అయిపోయి స్కూలు తెరిచిన దగ్గర్నుంచి అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఆ ఇంట్లో ప్రతి ఉదయమూ ఇలాగే తెల్లవారుతోంది. కూతురు దిగుతుంది. భర్త ఒక మాటంటాడు. కూతురు రెండంటుంది. తర్వాత ఇద్దరూ తన వైపు చూస్తారు. తను ఎవరి వైపూ చూడకుండా సింక్‌లో గిన్నెలు తోముతుంది. అప్పటికే ఆమెకు ఒక పూట డ్యూటీ చేసినంత అలసట వచ్చేస్తుంది. అసలు డ్యూటీ ఇంకా ముందుంది. హాస్పిటల్ ల్యాబ్‌లో సాయంత్రం దాకా నిలబడే పని.

జెమీమా దిగింది. పదకొండో తరగతి పిల్ల. బూడిదరంగు స్కార్ఫ్‌ను తల చుట్టూ, మెడ చుట్టూ ఒద్దికగా చుట్టుకుని చెవి కింద పిన్ను పెట్టుకుంది.

"జెమీ, చర్చిలో వేసుకో. నేను వద్దనలేదుగా," అన్నాడు వినయ్, గొంతు వీలైనంత మెత్తగా పెట్టి.

"చర్చిలో వేసుకుంటున్నా కదా డాడీ. స్కూల్‌లో కూడా వేసుకుంటున్నా. అంతే."

"మీ అమ్మ వేసుకుంటోందా హాస్పిటల్‌కి? మన చర్చిలో ఆంటీలు ఎవరైనా ఆఫీస్‌కి వేసుకెళ్తున్నారా?"

"అది వాళ్ల ఇష్టం. ఇది నా ఇష్టం."

"చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించావా?"

"ఏమనుకుంటారు? చెప్పండి డాడీ. ఒక్కసారి ఆ మాట చెప్పండి."

వినయ్ ల్యాప్‌టాప్ వైపు తల తిప్పుకున్నాడు. జెమీమా డబ్బా తీసుకుని బయటికి నడిచింది. తలుపు మూసుకున్నాక అతను భార్య వైపు చూశాడు. "నువ్వొక మాట అనవేం?"

"మీకు ఆఫీస్‌కి టైమవుతోంది," అంది విమల.

నిజానికి దీన్ని మొదలుపెట్టింది వాళ్లిద్దరే. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి భవనం అద్దెకు తీసుకుని తెలుగువాళ్లు ఆరాధన జరుపుకుంటారు. ప్రార్థన మొదలవగానే ఆడవాళ్లంతా కొంగో చున్నీయో తల మీదికి లాక్కుంటారు. పాలకొల్లులో విమల వాళ్లమ్మ అలాగే చేసేది, విమలా అలాగే చేస్తుంది, చిన్నప్పటి నుంచి జెమీమాకీ అదే నేర్పింది. జులైలో చర్చి పిల్లల క్యాంప్‌కి వెళ్లొచ్చాక ఆ పిల్ల ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది. "ఎప్పుడూ ప్రేయర్‌లోనే ఉండాలని పాస్టర్ అంకుల్ చెప్పారు. ప్రేయర్‌లో తల కప్పుకోవాలని అమ్మ చెప్పింది. రెండూ నిజమైతే, నేను ఎప్పుడు తీయాలి?"

అప్పుడు ఇద్దరూ నవ్వారు. పాస్టర్ గారు కూడా ఆ మాట విని అందరి ముందూ మెచ్చుకున్నారు. వినయ్‌కి ఛాతీ పొంగింది. స్కూలు తెరిచేసరికి ఆ పొంగంతా దిగిపోయింది. ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గరి ముసలాయన జెమీమాకి సలాం చెప్పాడు. చర్చిలో ఒకావిడ ఫోన్ చేసి, "మీ పాప ఏమైనా... వేరే వాళ్లతో తిరుగుతోందా వదినా?" అని గొంతు తగ్గించి అడిగింది. ఆ రోజు నుంచి వినయ్‌కి నిద్ర సరిగ్గా పట్టడంలేదు.

జెమీమా డబ్బా తీసుకుని వెళ్లిన ఆ మధ్యాహ్నమే విమల ల్యాబ్‌లో ఉండగా స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. జెమీమాకి పెద్దగా ఏమీ కాలేదని ముందే చెప్పి, తర్వాత అసలు సంగతి చెప్పారు. ముగ్గురు మగపిల్లలు హాల్‌లో ఇద్దరు అమ్మాయిల తల మీది బట్ట వెనకనుంచి లాగేశారట. జెమీమాకి పిన్ను గీరుకుందట. విమల గ్లోవ్స్ తీసి పారేసి, సూపర్‌వైజర్‌కి ఏం చెప్పిందో తనకే తెలియకుండా కార్ దగ్గరికి పరుగెత్తింది.

ఆమె వెళ్లేసరికి వైస్ ప్రిన్సిపల్ గది బయట వినయ్ నిలబడి ఉన్నాడు. మెళ్లో ఆఫీస్ బ్యాడ్జ్ అలాగే వేలాడుతోంది. గోడవారగా కుర్చీలో నల్లటి హిజాబ్ వేసుకున్న ఒకావిడ ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని, నేల వైపు చూస్తూ కూర్చుంది. ఆ రెండో అమ్మాయి తల్లి అయ్యుంటుందని విమల అనుకుంది.

"చూశావా?" అన్నాడు వినయ్ భార్యతో, తెలుగులో, గొంతు పెద్దగా తగ్గించకుండానే. "నేను మొత్తుకున్నది ఇందుకే. తురకల పిల్ల అనుకుని లాగారు. మన పిల్ల తురక పిల్ల కాదని చెప్పేస్తే అయిపోతుంది. మనకెందుకు ఈ గొడవ? వాళ్ల గొడవ వాళ్లు పడతారు."

కుర్చీలో ఉన్నావిడ తల ఎత్తి ఒకసారి వాళ్లిద్దర్నీ చూసి మళ్లీ దించుకుంది.

ముగ్గుర్నీ లోపలికి పిలిచారు. వైస్ ప్రిన్సిపల్ నెమ్మదస్తురాలే. చాలా బాధగా ఉందని అంది, లాగిన పిల్లలతో మాట్లాడతామంది. వినయ్ ఆమె మాట పూర్తికానీలేదు. "మేం ముస్లింలం కాదు, క్రిస్టియన్స్," అన్నాడు ఇంగ్లిష్‌లో. "మా అమ్మాయి ముస్లిం కాదు. ఆ పిల్లలు పొరబడ్డారు."

గది మూలన కూర్చున్న జెమీమా తండ్రి వైపు చూసింది. స్కార్ఫ్ భుజాల మీదికి జారి ఉంది. చెవి కింద సన్నగా ఎర్రటి గీత. ఆమె పక్కన కూర్చున్న సబీహా అనే అమ్మాయి తన చేతుల వైపు చూసుకుంటోంది.

వైస్ ప్రిన్సిపల్ అర్థమైందన్నట్టు తలూపింది. అమ్మాయిలు వేసుకోకూడదని తాను అనడంలేదనీ, అలా అనే హక్కు స్కూలుకి లేదనీ, అయినా గొడవ చల్లారేదాకా కొన్ని వారాలు ఇద్దరూ వాటిని ఇంటి దగ్గరే ఉంచి వస్తే వాళ్లకే క్షేమమనీ అంది. ఇది సలహా మాత్రమేనంది.

"తప్పకుండా," అన్నాడు వినయ్ వెంటనే. "మాకేం అభ్యంతరం లేదు."

వైస్ ప్రిన్సిపల్ సబీహా తల్లి వైపు తిరిగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. "ఇంటికెళ్లి మాట్లాడుకుని చెప్తామండీ," అని మాత్రం ఇంగ్లిష్‌లో అంది. బయటికొచ్చాక, పార్కింగ్ లాట్ వైపు వెళ్తూ విమల పక్కన ఒక్క క్షణం ఆగింది.

"పాపకి ఆ గీత మీద ఏదైనా ఆయింట్‌మెంట్ రాయండమ్మా. పిన్ను గదా, చీము పడుతుంది," అంది శుభ్రమైన తెలుగులో. "మాది కావలి."

వినయ్ మొహం పాలిపోయింది. ఆవిడ కూతురి భుజం మీద చెయ్యి వేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

రెండు కార్లూ ఇంటి ముందు ఆగాయి. వంటగదిలోకి వచ్చాక జెమీమా బ్యాగ్ నేలమీద పడేసింది.

"ఎందుకు చెప్పారు డాడీ?"

"నిజం చెప్పాను. తప్పేముంది?"

"నేను ముస్లిం అయితే లాగొచ్చా?"

"నేను అలా అనలేదు!"

"అన్నారు. పొరబడ్డారు అన్నారు. అంటే కరెక్ట్ గర్ల్‌ని లాగి ఉంటే ఓకే అని. సబీహా అక్కడే ఉంది. వాళ్ల అమ్మ అక్కడే ఉంది."

వినయ్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "నీకు తెలియదు జెమీ. న్యూయార్క్‌లో ఆ టవర్లు కూలిన ఏడాది నేను న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో ఉన్నాను. కొత్తగా వచ్చినవాణ్ణి. గ్యాస్ స్టేషన్‌లో పెట్రోల్ పోయించుకుంటుంటే ఇద్దరు నన్ను కార్‌కి ఆనించి నిలబెట్టారు. వాళ్లు అడిగిందేంటో కూడా నాకు సరిగ్గా అర్థంకాలేదు. చొక్కాలోంచి శిలువ గొలుసు బయటికి తీసి చూపించాను. సారీ బ్రదర్ అని భుజం తట్టి వదిలేశారు. ఆ శిలువే లేకపోతే ఏమయ్యేదో! అందుకే చెప్తున్నా, మనం ఎవరమో చెప్పేస్తే మన జోలికి రారు."

"తెలుసు," అంది జెమీమా. "నేను కూడా చెప్పాను. ఫస్ట్ వీక్‌లో. కెఫెటేరియా లైన్‌లో ఒకడు నన్ను గో బ్యాక్ అన్నాడు. ఐ యామ్ క్రిస్టియన్ అని చెప్పా. వాడు సారీ చెప్పాడు డాడీ. చాలా నైస్‌గా చెప్పాడు. తర్వాత నా వెనకాల ఉన్న సబీహా వైపు తిరిగి అదే మాట తనని అన్నాడు. నేను నా ఫ్రైస్ తీసుకుని వెళ్లి కూర్చున్నా. తిన్నా కూడా." కళ్లనీళ్లు తుడుచుకుంది. "ఆ రోజు తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు. ఏమనుకుంటే అనుకోనీ అని. మీరు ఇవాళ మళ్లీ చెప్పేశారు."

"అయితే నువ్వు వాళ్ల కోసం దెబ్బలు తింటావా? నీ మెడ మీద ఆ గీత చూస్తే నాకు ఎలా ఉందో తెలుసా?" వినయ్ గట్టిగా అరిచాడు. "రేపు పిన్ను కాకుండా ఇంకేదైనా అయితే?"

ఇద్దరూ అలవాటుగా విమల వైపు తిరిగారు.

సింక్‌లో తోమడానికి గిన్నెలు లేవు. విమల ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది. కాళ్లు లాగుతున్నాయి. ఎవరిది న్యాయమో ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. ఒక్క ఉదయం, ఒకే ఒక్క ఉదయం ఈ ఇంట్లో ఎవరూ గొంతు పెంచకుండా కాఫీ తాగగలిగితే చాలనిపించింది.

"జెమీ," అంది. "నా కోసం కొన్నాళ్లు తీసెయ్యి తల్లీ. నేను అలిసిపోయాను."

జెమీమా తల్లిని చాలాసేపు చూసింది. తండ్రితో అయితే రాత్రంతా వాదించేది. తల్లితో వాదించలేదు. స్కార్ఫ్ మడతపెట్టి టేబుల్ మీద ఉంచి పైకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి విమలకి కోరుకున్న ఉదయాలు దొరికాయి. జెమీమా జుట్టు పోనీటెయిల్ వేసుకుని దిగుతుంది. డబ్బా తీసుకుంటుంది. అడిగినదానికి ఊఁ అంటుంది, ఊహూఁ అంటుంది. వినయ్ జోకులు వేయడానికి ప్రయత్నించి మానేశాడు. కాఫీ వేడిగానే ఉంటోంది. విమలకి అది గొంతు దిగడంలేదు. ఆదివారం ప్రార్థనలో ఆడవాళ్లంతా కొంగులు తల మీదికి లాక్కున్నప్పుడు జెమీమా మాత్రం చేతులు కట్టుకుని, ముసుగు లేని తలతో కూర్చుంది. పక్కనావిడ మోచేత్తో పొడిచి సైగ చేసింది. ఆ పిల్ల కదల్లేదు. విమల తన కొంగు కింద తల వంచుకుంది గానీ ప్రార్థన రాలేదు.

ఆ వారం మధ్యలో జెమీమా స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు చెప్పింది. "సబీహా రావట్లేదు. ఆ రోజు నుంచి రాలేదు. ఆన్‌లైన్ స్కూల్‌కి మారుస్తున్నారట."

వినయ్ ఫోన్‌లోంచి తలెత్తాడు. "ఎందుకు?"

"ముసుగు లేకుండా రాను అంది. ముసుగుతో పంపడానికి వాళ్ల అమ్మకి భయం. ఇంక ఎలా వస్తుంది?"

జెమీమా పైకి వెళ్లిపోయింది. టీవీలో ఏదో నడుస్తోంది. వినయ్ దాన్ని ఆపేశాడు.

"నేను ఒప్పుకోకపోయినా ఆ పిల్ల మానేసేదేమో," అన్నాడు.

"మానేసేదేమో," అంది విమల. "కానీ మీరు ఒప్పుకున్నారు. ఇంటికొచ్చాక నేను తీయించాను." సోఫాలోంచి లేస్తూ, "శనివారం నేను వాళ్లింటికి వెళ్తాను," అంది.

"వెళ్లి ఏమంటావు?"

"తెలీదు."

శనివారం ఆమె కార్ తాళాలు తీసుకుంటుంటే వినయ్ చొక్కా మార్చుకుని వచ్చాడు. జెమీమా అడ్రస్ చెప్పింది గానీ తనూ వస్తానని అనలేదు.

సబీహా వాళ్లది పక్క కాలనీలో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. తలుపు తీసిన సబీహా తల్లి రహీమా వాళ్లను చూసి క్షణం తడబడి, పక్కకు తప్పుకుని లోపలికి రమ్మంది. భర్త షార్లెట్ సిటీలో పనిచేస్తాడనీ, ఈ వారం రాలేదనీ చెప్పింది. తను డేకేర్‌లో చిన్నపిల్లల్ని చూసుకుంటుందట. కూర్చోమని సోఫా మీది బట్టలు తీసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. వినయ్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్షకు వచ్చిన కుర్రాడిలా కూర్చున్నాడు.

"ఆ రోజు నేను..." అన్నాడు ఆమె టీతో రాగానే.

"వినపడిందండీ," అంది రహీమా, అతనికి కప్పు అందిస్తూ.

"ఆ మాట అనకూడదు. మీరున్నారని కాదు. లేకపోయినా అనకూడదు."

రహీమా ఎదురుగా కూర్చుంది. ఆమె మొహంలో కోపం లేదు. చాలా రోజులుగా సరిగ్గా నిద్రపోని మనిషి మొహం అది. ఆ అలసటను విమల గుర్తుపట్టింది. రోజూ అద్దంలో చూస్తున్నదే.

"మాటలదేముందిలెండి. మాటలు వింటూనే ఉంటాం," అంది రహీమా. "నిరుడు కూడా మా పాపది లాగారు. ఆ గదిలోకి నేను ఒక్కదాన్నే వెళ్లాను, మాట్లాడతామన్నారు. ఈసారి మీరు వస్తున్నారని తెలిసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు గట్టిగా అడిగితే వింటారు గదా అనుకున్నా. మీరు సరేననగానే నేనొక్కదాన్నే మొండిదాన్నయిపోయా. ఇంక నాకు మాట్లాడటానికి ఏం మిగల్లేదు."

వినయ్ కప్పు కింద పెట్టేశాడు.

"సబీహాని మీరే వేసుకోమన్నారా?" అని అడిగింది విమల నెమ్మదిగా.

రహీమా నవ్వింది. ఏడుపులోంచి వచ్చినట్టున్న నవ్వు. "నేనా? వద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేశానక్కా! మా ఊళ్లో మా అక్క పిల్లలే వేసుకోరు. ఇక్కడ అసలే భయం, నీకెందుకే అన్నా. వింటేనా! నా ఇష్టం అమ్మీ అంటుంది."

"మా ఇంట్లో కూడా అదే మాట," అంది విమల. అనగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రహీమా లేచి వచ్చి పక్కన కూర్చుంది. "మా దానిచేత నేనే తీయించాను రహీమా. నాకు ఓపిక లేదని తీయించాను. నేను అడిగితే కాదనదని నాకు తెలుసు. తెలిసే అడిగాను."

లోపలి గది తలుపు సందులోంచి సబీహా చూస్తోంది. వినయ్ ఆ పిల్లను చూసి, "సోమవారం స్కూల్‌కి వస్తావా అమ్మా?" అని అడిగాడు. "ముందు మనం వైస్ ప్రిన్సిపల్ గదికి వెళ్తాం. మీ అమ్మా, మేమూ, మీ ఇద్దరూ. అందరం కలిసి వెళ్దాం."

సబీహా తల్లి వైపు చూసింది. "జెమీమా కూడా వేసుకుంటుందా?" అంది.

"అది దాన్నే అడగాలి," అన్నాడు వినయ్. "నేను అడుగుతాను."

ఆ సాయంత్రం అతను జెమీమా గది తలుపు తట్టాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో విమల వినలేదు. వినాలని మెట్ల దాకా వెళ్లి, వెనక్కి వచ్చేసింది. కాసేపటికి కూతురి ఏడుపూ, దాని వెంట వినయ్ ముక్కు చీదిన చప్పుడూ కిందికి వినిపించాయి.

సోమవారం స్కూలు పార్కింగ్ లాట్‌లో రెండు కార్లు పక్కపక్కన ఆగాయి. ఇంట్లో హడావుడిలో జెమీమాకి ముసుగు కుదర్లేదు. కార్ దిగి మళ్లీ చుట్టుకోవడం మొదలుపెట్టింది. వినయ్ ఆమె బ్యాగ్ ఒక భుజానికి తగిలించుకుని, తన ఫోన్‌లో కెమెరా తెరిచి అద్దంలా ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. "కొంచెం పైకి డాడీ," అంది జెమీమా, పళ్ల మధ్య పిన్నుతో. అతను పైకెత్తాడు.

లోపల వైస్ ప్రిన్సిపల్ అయిదుగురినీ చూసి ఆశ్చర్యపోయింది. వినయ్ నిలబడే మాట్లాడాడు. ఆ రోజు తాను ఒప్పుకోవడం పొరపాటని అన్నాడు. పిల్లలిద్దరూ తమకు నచ్చినట్టే తల కప్పుకుని వస్తారనీ, లాగినవాళ్ల సంగతి స్కూలు చూడాలనీ, నిరుడు ఏం చేశారో కూడా చెప్పాలనీ అడిగాడు. రహీమా పక్కనే నిలబడి నిరుటి సంగతి మొదటినుంచీ చెప్పింది.

వైస్ ప్రిన్సిపల్ అంతా రాసుకుంది. ఆ ముగ్గురి తల్లిదండ్రుల్నీ ఇవాళే పిలిపిస్తానంది. తర్వాత కాస్త మొహమాటంగా వినయ్ వైపు చూసింది. "కానీ మీ అమ్మాయి ముస్లిం కాదని మీరే అన్నారు గదా?"

జెమీమా తండ్రిని చూసింది.

"మా అమ్మాయి ఎవరో దీనికి అవసరం లేదండీ," అన్నాడు వినయ్. "లాగారు. అంతే."

బెల్ మోగింది. పిల్లలిద్దరూ హాల్‌లోకి నడిచారు. గుంపులోంచి కొన్ని తలలు వాళ్ల వైపు తిరిగాయి. ఎవరో నవ్వారు కూడా. జెమీమా వెనక్కి తిరిగి ఒకసారి చెయ్యి ఊపింది. రహీమా డేకేర్‌కి ఆలస్యమవుతోందంటూ, విమల చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

వినయ్ కార్‌లో కూర్చున్నాడు గానీ స్టార్ట్ చేయలేదు.

"మళ్లీ లాగితే విమలా?" అన్నాడు. "ఇవాళే లాగితే?"

"మళ్లీ వద్దాం."

"నాకు భయంగా ఉంది."

"నాకూ ఉంది," అంది విమల.

అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఎంతకాలంగా దాచుకున్నాడో, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. విమల అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ల్యాబ్ నుంచి ఫోన్ మోగి ఆగిపోయింది. ఆమె తీయలేదు. అతని ఊపిరి నెమ్మదించాక కార్ దిగి, చుట్టూ తిరిగి వచ్చి అతనివైపు తలుపు తెరిచింది.

"జరగండి," అంది. "నేను డ్రైవ్ చేస్తాను."